చరగ చల్లిన చేయి

రాయచూరు,
21 డిసెంబరు 2025, ఆదివారం.

‘ప్రియమైన’ అని మొదలుపెడితే అక్కడితోనే చదవడం ఆపేస్తావు కాబట్టి, ఒట్టి నేత్రకు,

ఇక్కడ మేమందరం క్షేమం. మైసూరు చలికి నీ దగ్గు తిరగబెట్టలేదనీ, హాస్టల్ వాళ్ళు పెట్టే తియ్యటి సాంబారుకు నీ నాలుక అలవాటు పడిందనీ అనుకుంటున్నాను. నా నంబరు నువ్వు బ్లాక్ చేశావు కదా, అందుకని పోస్టాఫీసుకు పోయి కవరు కొన్నాను. కౌంటర్లో ఉన్నాయన నన్ను ఎగాదిగా చూసి, ఏమమ్మా కోర్టు నోటీసా అని అడిగాడు. అలాంటిదే అన్నాను.

చింపేయాలనిపిస్తే చింపు, కానీ చదివాక చింపు. చింపినా నాకేం బాధ లేదని రాయబోయాను. అది అబద్ధం, చాలా బాధగానే ఉంటుంది.

ఫోటో క్లబ్బుకు నువ్వు పెట్టిన మెయిల్ నాకు చూపించారు. నెమలి ఫోటోను ప్రదర్శన నుంచి తీసేయాలనీ, ఉన్న ప్రింట్లన్నీ చించేయాలనీ, సంక్రాంతి తరువాత బడులకు తిప్పబోయే ఫోటోల్లో అది ఉండకూడదనీ రాశావు. తీసింది నువ్వు కాబట్టి నీ మాటే చెల్లుతుంది. వాళ్ళు వెంటనే తీసేద్దామనుకున్నారు. నేనే కాళ్ళావేళ్ళా పడి నెలాఖరు దాకా ఆపాను. అది ఉండాలో పోవాలో నువ్వు ఇంకొక్కసారి ఆలోచించాలని అడగడానికే ఈ ఉత్తరం.

ముందు మీ ఊరి సంగతులు. మొన్న శుక్రవారం ఎళ్ళ అమావాస పండుగకు మీ ఊరు పోయాను. పిలవని పేరంటం కాదు. మీ అవ్వ, రంగవ్వే ఫోన్ చేసి, నువ్వన్న రా బిడ్డ, ఇంట్ల ఒక్కదాన్నే కూసొని రొట్టె ఎట్ల కొట్టాలె అన్నది. మీ అమ్మానాన్న బెంగుళూరు నుంచి రాలేదు, బిల్డింగు పని మధ్యలో వదిలితే మేస్త్రీ మళ్ళీ పిలవడట. ఇడపనూరు దాటినాక రోడ్డు ఎప్పటిలాగే ఉంది. పత్తి లారీలు పోయిన దారి పొడుగునా తుమ్మకొమ్మలకు తెల్లగా దూది అంటుకొని ఉంది. నువ్వుంటే బస్సు ఆపించేదానివి, కండక్టర్ మనిద్దరినీ తిట్టేవాడు.

అవ్వ చిక్కిపోయింది. చేతులు మాత్రం అవే చేతులు. సజ్జ రొట్టె ఆమె కొడుతుంటే నేను చేసిన రొట్టెను చూసి, ఇది రొట్టెనా రాయచూరు మ్యాపా అన్నది. నవ్వించింది. తరువాత పొయ్యి వైపు తిరిగి ఇంకో రొట్టె పెనం మీద వేసింది.

మీ చేనికి, పక్క చేను శరణప్ప బండిలో పోయాం. తాత లేడు కదా, ఈసారి భూమికి పెట్టే బువ్వ, చరగ, అవ్వే చల్లింది. ఆడమనిషి చల్లడమేంది అని ఎవరో అన్నారు. ఆయన చేయి ఇప్పుడు యాడున్నది, నా చేయి పట్టుకొనే గద ఇన్నేండ్లు చల్లిండు అని అవ్వ జవాబిచ్చింది. కొత్త వెదురు గంపలో వంటలన్నీ కలిపి, చేను చుట్టూ తిరిగి, హుల్లుల్లిగో అని ఆమె సన్నటి గొంతుతో అరిచింది. శరణప్ప చలాంబ్రిగో అని అందుకున్నాడు. ఊళ్ళో చాలామంది చేలు చూశాను నేత్రా. ఎవరి గట్టు మీదా ప్లాస్టిక్ బకెట్టు లేదు. ఒకామె అయితే ఇంట్లో దేవుడి దగ్గరి ఇత్తడి తపేలా తెచ్చుకుంది.

ఇప్పుడు పోయిన ఏటి సంగతి రాస్తాను. నీకు తెలిసినదే. కానీ మనిద్దరం కూర్చొని దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. నువ్వు ఒక మాట అన్నావు, నేను నోరు మూసుకున్నాను, అంతే.

పోటీ కోసమే కదా మీ ఇంటికి వచ్చాను. మనిషి వల్ల చుట్టూ ఉన్న నేలకు, నీటికి ఏమవుతుందో కాలేజీ పిల్లలు ఫోటోలు తీసి పంపాలన్నారు. క్లాసులో సగం మంది ప్లాస్టిక్ కవర్లు నమిలే ఆవుల వెంట పడ్డారు, మిగతా సగం రైసు మిల్లు పొగ వెంట పడ్డారు. నేను కృష్ణలో ఇసుక తవ్విన గుంటలు తీస్తానని పోయి, మోకాలిదాకా దిగబడి, చెప్పు ఒకటి నదికి సమర్పించుకొని వచ్చాను. కెమెరా మా నాన్న నాకు కొనిచ్చాడు గానీ దాన్ని పట్టుకోవడం వచ్చింది నీకే. ముందు మంచిగున్నది తీయాలె, అప్పుడే పోయేదేందో చూసెటోళ్ళకు తెలుస్తది అన్నావు. అందుకే నన్ను చరగకు తీసుకుపోయావు.

ఆరోజు తాత ఎంత ఖుషీగా ఉన్నాడో గుర్తుందా? పొద్దున్నే కొత్త రుమాలు చుట్టుకున్నాడు. భూమి ఇప్పుడు కడుపుతో ఉన్న ఆడబిడ్డ లెక్క, ఆమెకు పెట్టకుంట మనం తింటే ఎట్ల అని నాకు చెప్పాడు. రొట్టె, కడుబు, పుంటికూర, భజ్జి, పెరుగన్నం అన్నీ కలపాలి. ఇంట్లో గంపను ఎలుకలు కొట్టేశాయి. తాత చేనిలో ఉన్న నీలం బకెట్టు తీసుకొని కాలువలో ముంచి, గడ్డితో తోమి, మళ్ళీ ముంచి కడిగాడు. అందులో కలిపాడు. నేను చూస్తూనే ఉన్నాను, నువ్వూ చూశావు. మనకేమీ అనిపించలేదు. తాత చల్లుతుంటే నువ్వు జొన్నల మధ్య కూలబడి, కిందినుంచి ఆయన చేయిని ఫోటో తీశావు. వేళ్ళ సందుల నుంచి అన్నం మెతుకులు, వెనక ఆకాశం. ఆ ఫోటో చూసి నేను ఈల వేశాను.

మర్నాడు పొద్దున చల్లినచోట ఏమేం పిట్టలు వచ్చాయో తీద్దామని నువ్వే లేపావు. తాత మనకంటే ముందే చేరాడు. అన్నం పడినచోటల్లా పిట్టలు పడి ఉన్నాయి. గోరింకలు, గువ్వలు, పేర్లు తెలియని బుడ్డ పిట్టలు. గట్టు మొదట్లో ఒక ఆడ నెమలి. తాత దాన్ని ఒళ్ళో పెట్టుకొని, రెక్క మీది మట్టి తుడుస్తూ కూర్చున్నాడు. నువ్వు ఒక్క ఫోటో తీసి, కెమెరా నా చేతిలో పెట్టి పక్కకు పోయి వాంతి చేసుకున్నావు.

అంతకు ముందు, పురుగు చావాలని జొన్న సుడుల్లో వేసే గుళికల మందును ఆ బకెట్లోనే పోసుకొని వేశారు. బకెట్టు అడుగు మడతలో కడిగినా పోని గుళికలు తడికి కరుచుకొని ఉన్నాయి. తాత బకెట్టు తిరగేసి, ఆ మడతలో వేలు పెట్టి తీసి, వేలిని చూసుకున్నాడు. నేను పెట్టిన బువ్వనే అన్నాడు. ముగ్గురం గుంట తవ్వి పూడ్చాం. మందు మా నాన్న ఎరువుల అంగట్లో కొన్నదే. ఆ మాట నేను ఆరోజు నీతో అనలేకపోయాను, నువ్వూ అడగలేదు.

బస్సులో వస్తూ, ఆ రెండో ఫోటో ఎవరికీ చూపించకు, మా తాత బతికినన్ని దినాలు అది బయటికి రావద్దు అని నా చేయి పట్టుకొని చెప్పావు. సరేనన్నాను. పోటీకి నువ్వు చేయి ఫోటో ఒకటే పంపావు.

ఫిబ్రవరిలో ప్రదర్శన తెరిచినరోజు గోడ మీద రెండూ పక్కపక్కన ఉన్నాయి. ఎడమవైపు చల్లే చేయి, కుడివైపు ఒళ్ళో నెమలి. కింద నీ పేరు. మొదటి బహుమతి దానికే వచ్చింది. మర్నాటి పేపర్లో ఊరిపేరుతో సహా పడింది. ఆ రెండో ఫోటో నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. నువ్వు బహుమతి తెచ్చి మా అంగడి బల్ల మీద, కొనడానికి వచ్చిన రైతుల ముందర పెట్టి, ఇది నువ్వే ఉంచుకో, మా తాతను అమ్ముకొని తెచ్చుకున్నవు గద అన్నావు. నేను కాదనలేదు. మా నాన్న నా ముఖం చూశాడు.

తరువాత ఏం జరిగిందో నీకు సగమే తెలుసు, ఎందుకంటే నువ్వు ఊరికి పోవడం మానేశావు. పరీక్షలని రాయచూరులోనే ఉన్నావు, పరీక్షలయ్యాక నేరుగా మైసూరు పోయావు. ఏ ముఖం పెట్టుకొని తాత ఎదుట నిలబడాలె, నేనే పేపర్ల వేయించిన అనుకుంటున్నడు అని కాలేజీలో తులసమ్మ మేడంతో చెప్పి ఏడ్చావట. మేడమే నాకు చెప్పింది.

నెమలి కదా, ఫారెస్టు వాళ్ళు వచ్చారు. గుంట తవ్వి తీశారు. తాతను జీపులో తీసుకుపోయి అడిగారు. నేనే కలిపిన, నేనే చల్లిన, ఇంకెవ్వరికి సంబంధం లేదు అని చెప్పి వేలిముద్ర వేసి వచ్చాడు. కేసయింది. బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో పిల్లగాళ్ళు ఆయన కనిపిస్తే, ఏం తాతా, ఈరోజు ఎవరికి బువ్వ పెడుతున్నవ్ అని అనేవారట. ఎవరింట్లోనో పెళ్ళి భోజనానికి కూర్చుంటే పక్కవాడు లేచి పోయాడట. రంగవ్వ చెబుతూ ఆ మనిషి పేరు మాత్రం చెప్పలేదు. మా నాన్నను కూడా మార్కెట్లో తోటి అంగళ్ళ వాళ్ళు, నీ బిడ్డనే మన నోట్లో మట్టి కొట్టింది తిరుమలేశ్ అని నిలదీశారు. ఎండాకాలం అయిపోయేదాకా నాన్న నాతో సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు గుళికలు కొన్న ప్రతివాడికీ, ఆ బకెట్ల ఇంకోటి పోయకు అని తానే రెండుసార్లు చెబుతున్నాడు. ఒకాయన విసుక్కుంటే, గోడకు అంటించిన పేపర్ ముక్క చూపించాడు. అది నీ ఫోటోనే.

తాత మాత్రం రోజూ పొద్దున చేనికి పోయి, శుభ్రంగా చెరిగిన జొన్నలు గట్టు మీద పోసి, దూరంగా కూర్చొనేవాడు. మొదట్లో ఒక్క పిట్ట కూడా దిగలేదట. వానలు పడ్డాక కాకులు వచ్చాయి, తరువాత గువ్వలు వచ్చాయి. నెమళ్ళు రాలేదు. నేను ఒకసారి పోయినప్పుడు ఆయన పక్కన కూర్చున్నాను. ఫోటో తీయనా తాతా అంటే, వద్దు, అవి ఇంక నన్ను నమ్ముతలెవ్వు, ఆ మిషన్ చప్పుడుకు లేచిపోతయి అన్నాడు.

దసరా ముందు తాతకు పక్షవాతం వచ్చింది. రాయచూరు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నేను అంగడి నుంచి పోయి వచ్చేదాన్ని. మాట ముద్దగా వచ్చేది, కానీ వచ్చేది. నువ్వు రాలేదు. నన్ను చూస్తే ఆయన పానం ఇంక కలత పడతది అని అవ్వతో ఫోన్లో అన్నావట. అవ్వ ఆ మాట ఆయనకు చెప్పలేదు. నువ్వు వచ్చింది మట్టికే. పాడె పక్కన నడుస్తూ నన్ను చూసి ముఖం తిప్పుకున్నావు. ఆరోజు నీ మీద నాకు కోపం రాలేదని చెప్పను. వచ్చింది. నీ భుజం పట్టుకొని కుదపాలనిపించింది.

ఇదీ సంగతి. ఇప్పుడు అసలు మాట అడుగుతాను. ఆ ఫోటో తీసేయమనకు. నా మీద కోపం ఉంటే ఉండనీ, దానికీ దీనికీ ముడిపెట్టకు. మొన్న మీ ఊరి గట్ల మీద నేను చూసిన గంపలు, తపేలాలు ఎవరో ఆఫీసర్ వచ్చి ఉపన్యాసం చెబితే వచ్చినవి కావు. ఒక ముసలాయన ఒళ్ళో చచ్చిన నెమలిని చూసి వచ్చినవి. సిరవార వైపు, ముదగల్ వైపు బడుల్లో పిల్లలు ఆ ఫోటో చూడాలి. ఇంటికి పోయి వాళ్ళ అవ్వలకు చెప్పాలి. చేయి ఫోటో ఒక్కటే చూపిస్తే అందరూ బాగుందంటారు, అంతటితో అయిపోతుంది. నీ పేరు ఉండటం ఇష్టం లేకపోతే పేరు తీయించు. ఫోటో ఉండనీ.

రంగవ్వ నిన్ను అడిగింది. ఒక చరగ పోయింది, ఇంకొకటికన్న వస్తదా అని అడిగింది. వస్తది అవ్వా అన్నాను. దగ్గుకు మిరియాల పొడి చేసి సీసాలో పెట్టింది, పార్సిల్ పంపుతాను. అందులో నా ప్రమేయం లేదు, కాబట్టి పారేయకు.

నువ్వు మాట్లాడకపోయినా నీ స్నేహితురాలే,
మేఘా

తా.క.: సంతకం పెట్టి కవరులో పెట్టాను, మళ్ళీ తీశాను. ఈ మాట చెప్పకుండానే పంపాలనుకున్నాను. తప్పు నా మీదే ఉండనీ, నువ్వు నన్ను తిట్టుకుంటూ అయినా బతుకుతావు అనుకున్నాను. కానీ ఆ ఫోటో మీద నిర్ణయం చేసే ముందు నీకు తెలియాలి.

దాన్ని పంపించింది మీ తాత.

పోయిన జనవరిలో ఒక్కడే బస్సెక్కి మా అంగడికి వచ్చాడు. నేత్ర తీసిన రెండోది చూపెట్టు బిడ్డ అన్నాడు. నువ్వు తీసినప్పుడు ఆయన చూశాడు. నేను లేదన్నాను, ఆయన నవ్వాడు. కంప్యూటర్లో తీసి చూపించాను. చాలాసేపు చూశాడు. పోటీకి ఏది పంపిందని అడిగితే చేయి ఫోటో అన్నాను. అది సగమే గద బిడ్డ, రెండోది లేకుంటే నేనేదో పుణ్యం జేస్తున్నట్టు ఉన్నది, నా అసొంటోడు ఊరికొక్కడు ఉంటడు, కడిగిన బకెట్టు మంచిదే అనుకుంటడు, మందికి తెలువాలె, రెండూ పెట్టు అన్నాడు. కేసవుతుంది తాతా అన్నాను. అయితే కానీ అన్నాడు. కింద మా నేత్ర తీసింది అని పెద్దగ రాయాలె అన్నాడు. నేత్ర నన్ను చంపుతుందని నేను ఏడ్చాను. నా నెత్తి మీద చేయి పెట్టి, వచ్చే చరగ అయ్యేదాక ఆమెకు చెప్పకు, తెలిస్తే పోయి తీసేయిస్తది, చరగ అయినంక నేనే చెప్త అన్నాడు. ఆ సాయంత్రమే రెండోది నీ పేరుతో పోటీకి పంపాను. ఆయన చెప్పడానికి లేడు. చరగ మొన్న అయింది.

ఆయన నీ మీద ఒక్కరోజు కూడా కోపం పెట్టుకోలేదు నేత్రా. నువ్వు ఊరికి రాకపోవడం చూసి ఆయన వేరేలా అనుకున్నాడు. పిట్టలను చంపిన చేయి కదా, బిడ్డకు నన్ను చూస్తే రోత పుడుతున్నది అనుకున్నాడు. ఆసుపత్రిలో నా చేయి పట్టుకొని, నేత్రకు నా మీద రోత పోయిందా అని అడిగాడు. ఆయనకు ఊరట కలగాలని, పోయింది తాతా అన్నాను. నీకు ఎన్నడూ రోత లేదని చెప్పాల్సింది. అప్పుడు నాకు తట్టలేదు.